కొన్న సాక్షులు

కరామ్‌ఫిల్ గంటలు చేస్తాడు.
గొర్రెలకి, మేకలకి,
గట్టిగా అడిగితే గాడిదకి కూడా.
స్మోల్యాన్ దాటి బస్సు ఆగిపోయే చోటు నుంచి
గంట నడిస్తే ఆయన గంటలు.

నేను ప్లోవ్‌దివ్‌లో, రొట్టెల కొట్టు పైన మూడో అంతస్తులో
వెబ్‌సైట్లని పైకి లేపుతుంటాను.
ఏం పని అని ఎవరైనా అడిగితే
పలుకుబడి అమ్ముతాననేదాన్ని.
అబద్ధం కూడా కాదు.

మొదటి నెల ఆయన కోసం మూడువందల లింకులు కొన్నాను.
మందుబిళ్ళల సైట్లు, పేకాట సైట్లు,
టైర్ల మీద ఒకే వ్యాసాన్ని నలభైసార్లు తిప్పి రాసిన సైటు,
అందరూ ఒకే గొంతుతో
"చవకలో మేలైన గంటలు" అన్నారు.
నాలుగో స్థానానికి ఎగబాకాం.
పద్దెనిమిది రోజులు.
పంతొమ్మిదో పొద్దున చూస్తే పదకొండో పేజీ.
అక్కడికెవరూ రారు,
దారి తప్పినవాళ్ళు కూడా.

ఆయన కేకలెయ్యలేదు.
ఆ జాబితా అచ్చు తీసి తెమ్మన్నాడు.
ఎవరింట్లో పెళ్ళికి ఎవరెంత చదివించారో చూసుకున్నట్టు
వేలు పెట్టి, పేరు పేరునా చదివాడు.
"ఇంతమందిలో నా గంట విన్నవాడెవడు?"

నేను కాగితాలు సర్దుకున్నాను.

"పొగమంచులో గొర్రె కనబడదమ్మాయ్.
కాపరి చెవితో వెతుక్కుంటాడు.
మూడువందల రేకుడబ్బాలు ఒక్కసారి వాయిస్తే
వాడికి దొరికేది తలనొప్పి."

కొన్నవి వదిలించుకోడానికి
కొన్నప్పటికన్నా ఎక్కువ కాలం పట్టింది.
తీసేయడానికి కూడా కొందరు డబ్బడిగారు.
ఇచ్చాను.

తర్వాత ఉత్తరాలు.
"గౌరవనీయులైన సైటు యజమానికి" అనడం మానేసి
పేరు తెలుసుకుని రాశాను.
గ్రాట్స్‌లో శబ్దాలు భద్రపరిచే వాళ్ళకి.
స్కోప్యేలో నాటకాల వాళ్ళకి:
మీ తుఫాను సీనులో మోగిన నలభై గంటలూ ఎవరివో గుర్తుందా?
మ్యూజియానికి:
మీ మూడో పేరాలో నీలంగా ఉన్న మాట నొక్కితే
పోయినాయన మూతబడ్డ సైటుకి పోతోంది.
బతికున్నాయన ఒకరున్నారు.

డెబ్భై రెండు ఉత్తరాలు. ఆరు జవాబులు.
అందులో ఒకటి, మేకలు ఎంతకిస్తారని.

మ్యూజియం ఆవిడ, జ్లాతిత్సా, జవాబివ్వలేదు.
వచ్చింది.
తడిసిన బూట్లు గుమ్మంలో విడిచి
బల్ల మీది గంటలన్నీ
పెద్దదాని నుంచి చిన్నదాని దాకా మోగించింది.
ఒకటి మాత్రం రెండుసార్లు.
ఏమీ అనకుండానే వెళ్ళిపోయింది.
వారానికి ఆ పేజీలో ఒక వాక్యం, ఒక లింకు.
దాని బరువెంతో లెక్కగట్టడమే నా వృత్తి.
ఆరోజు లెక్కగట్టలేదు.

మే నెలకి మూడో స్థానం.
ఫోన్ చేసి చెప్పాను.
"మనకి పైన ఎవరు?"
మొదటిది కార్ఖానా. రెండోది మదాన్‌లో వెలిన్ అని...
అవతల సుత్తి ఆగిపోయింది.

వెలిన్ ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడట.
పంతొమ్మిదేళ్ళుగా మాటల్లేవట.
ఎందుకో ఎవరూ చెప్పరు,
చెప్పేవాళ్ళు ఒకలా చెప్పరు.

"మన పేజీ నుంచి వాడి దగ్గరికి ఒక దారి వెయ్యి."

పోటీవాడికి లింకివ్వకూడదన్నది
మా పనిలో ఓనమాలు.
చెప్పాను కూడా.
"వేస్తావా, వెయ్యవా?"
"ఏ మాట మీద వెయ్యను?
నొక్కడానికి ఒక మాట ఉండాలి కదా."

మర్నాడు బస్సు డ్రైవరు తెచ్చిచ్చాడు,
ఇనపరజను అంటిన కాగితం ముక్క.
"మంచి పనివాడు" కొట్టేసి ఉంది.
"నా శిష్యుడు" రెండుసార్లు కొట్టేసి ఉంది.
కింద మిగిలింది:
వీడికి చెవి ఉంది.

అదే పెట్టాను.

ఎవరు నొక్కారో చూపించే పట్టిక ఒకటుంటుంది.
ఆ నెలంతా ఆ లింకు నొక్కింది ఒక్కరే,
మదాన్ నుంచి,
రాత్రి రెండు దాటాక,
ఏడుసార్లు.
అది తన సైటుకే పోతుందని
మొదటిసారికే తెలిసుండాలి.